జనవరి 26: సంకల్పమునుండి ఉత్సవమువరకు



ఎవరి స్మృతికై ఈ సభ ఏటేట జరుగుచున్నదో ఆ పెద్దలు తమ జీవితమున అధికభాగము ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో చరిత్ర బోధించినవారు. వారి శిష్యులు పలువురు ఈ సభలోనే యున్నారు. వారిలో కొందరు నాతో చెప్పినదేమనగా, ఏ తేదీనైనను నల్లబల్లపై వ్రాసిన పిమ్మట మాస్టారు తరగతివైపు తిరిగి, "ఈ రోజే ఎందుకురా?" అని అడుగువారట. ఉపన్యాసవిషయమును నిర్ణయించుకొను స్వేచ్ఛ నాకు లభించినప్పుడు, ఆ ప్రశ్ననే మన గణతంత్రదినోత్సవమునకు వేసి చూతమనిపించినది. జనవరి 26 ఏల? నవంబరు మాసమున ఆమోదముద్ర పడిన రాజ్యాంగము, అమలులోనికి వచ్చుటకు జనవరి చివరివరకు ఏల వేచియుండవలసివచ్చినది?

దేశమంతటను తప్పక పాటింపబడు జాతీయ సెలవుదినములు మనకు మూడు. వానిలో అక్టోబరు 2 గాంధీమహాత్ముని జన్మదినము గనుక దానిని ఎన్నుకొనిన వారెవ్వరును లేరు. ఆగస్టు 15ను ఎన్నుకొన్నవాడు మౌంట్‌బాటెన్. 1945లో జపాను తన లొంగుబాటును ప్రకటించిన దినము అది. అప్పుడు ఆగ్నేయాసియాలో మిత్రరాజ్యసేనలకు సర్వాధిపతిగా నుండిన ఆ ప్రభువునకు, ఆ విజయదినపు ద్వితీయ వార్షికోత్సవమునాడే అధికారమును అప్పగించుట ఇంపుగా తోచినది. మన స్వాతంత్ర్యదినమునకు పరాయిదేశపు సేనానాయకుని విజయస్మృతి ముహూర్తమును సమకూర్చుట చరిత్ర చేసిన చమత్కారములలో ఒకటి. జనవరి 26 అట్టిది కాదు. ఈ దేశప్రజల పక్షమున వారి నాయకులే, ప్రభుత్వపు అనుమతిని కోరక, ఫలితము కంటికి కానరాని కాలమున, ధైర్యమొక్కటియే పెట్టుబడిగా ఎన్నుకొనిన దినము అది.

సంపూర్ణ స్వాతంత్ర్యమను మాటను కాంగ్రెసు మహాసభ తన నోట పలుకుటకు పట్టిన కాలము తక్కువది కాదు. 1921లో అహమ్మదాబాదు సభలో హస్రత్ మొహానీ అను ఉర్దూకవి ఆ తీర్మానమును ప్రతిపాదించినప్పుడు, దానిని వలదనినవారు స్వయముగా గాంధీగారే. 1927లో మదరాసు సభ జవహర్‌లాల్ ప్రతిపాదించిన స్వాతంత్ర్య తీర్మానమును ఆమోదించినది గాని, ఆమోదించినవారిలో చాలమందికి దానియందు విశ్వాసమున్నట్లు కనబడదు. మరుసటి సంవత్సరము కలకత్తాలో పెద్దలకును యువకులకును రాజీ కుదిరి, అధినివేశ ప్రతిపత్తిని ఆంగ్లప్రభుత్వము ఒక్క సంవత్సరములోపల ఈయనియెడల కాంగ్రెసు సంపూర్ణ స్వాతంత్ర్యమునే కోరునని నిర్ణయించిరి. రెండేండ్ల గడువు ఇత్తమని గాంధీగారు మొదట తలచియుండగా, యువకుల పట్టుదల దానిని సగము చేసినది. గడువు తీరునది 1929 డిసెంబరు 31 అర్ధరాత్రికి.

ఆ సంవత్సరము అక్టోబరు 31న రాజప్రతినిధి ఇర్విన్ ప్రభువు భారతదేశపు పరిణామమునకు సహజ గమ్యము అధినివేశ ప్రతిపత్తియేయని ప్రకటించినాడు గాని, అది ఎన్నడు లభించునో చెప్పలేదు. డిసెంబరు 23న గాంధీగారును మోతీలాల్‌గారును ఢిల్లీలో ఆయనను కలిసికొనిన దినముననే, ఉదయము ఆయన ప్రయాణించుచున్న రైలుక్రింద బాంబు ప్రేలినది. ఆయన సురక్షితముగా బయటపడినను, సాయంకాలపు సంభాషణ మాత్రము బ్రతుకలేదు. వట్టిచేతులతో నాయకులు లాహోరు చేరిరి. నడిశీతకాలము, రావీనది యొడ్డున, ఏడాది క్రిందటనే కీర్తిశేషులైన లాలా లజపతిరాయ్ పేర వెలసిన డేరాల నగరములో, తండ్రి మోతీలాల్ చేతినుండి నలువదేండ్ల కుమారుడు జవహర్‌లాల్ అధ్యక్షపదవిని స్వీకరించెను. ఆయన తెల్లని గుఱ్ఱమునెక్కి ఊరేగింపుగా వచ్చుటను ఆనాటివారు దీర్ఘకాలము చెప్పుకొనిరి. గడువు తీరిన ఆ అర్ధరాత్రి సంపూర్ణ స్వరాజ్య తీర్మానము గెలిచినది. రావీతీరమున జెండా పైకి లేచినది. ఆ రావీయు, ఆ లాహోరును ఇప్పుడు మన సరిహద్దునకు ఆవల నున్నవి. మన గణతంత్రదినము పుట్టిన చోటు మన గణతంత్రములో లేదు. ఈ సంగతిని మన పాఠ్యగ్రంథములు ఎందుచేతనో నొక్కిచెప్పవు.

తీర్మానము నాయకులు చేసినది. దానిని ప్రజలు తమదిగా చేసికొనుట ఎట్లు? 1930 జనవరి 2న సమావేశమైన కార్యవర్గము ఇందులకై ఒక దినమును నిర్ణయించెను. జనవరిలోని చివరి ఆదివారమగు 26వ తేదీ. అందు జాతకచక్రము లేదు, వీరగాథ లేదు, ఏ మహాపురుషుని జయంతియు లేదు. కచేరీ గుమాస్తాకును, మిల్లు కార్మికునకును, బడిపిల్లవానికిని సెలవు దొరకు దినము ఆదివారమే గదా! మాస్టారి ప్రశ్నకు దొరకు సమాధానము ఇంత సాదాగా నుండుటయే నాకు మిక్కిలి నచ్చినది.

ఆ దినమును ఎట్లు గడపవలెనో గాంధీగారు వ్రాసిన సూచనలను చదివినవారికి, మనము నేడు చేయుచున్న వేడుకకును దానికిని గల దూరము తెలియును. ఉదయము జెండా ఎగురవేయవలెను. తరువాత ఊరేగింపుల ఆర్భాటముకంటె నూలువడుకుట, అస్పృశ్యులనబడువారి సేవ, హిందూముస్లిముల మైత్రి, మద్యపాన నిషేధము మొదలగు నిర్మాణకార్యములతో పగలు గడపవలెను. సభ జరుగవలెను గాని, సభలో ఉపన్యాసములు ఉండరాదు! ప్రజలు గుమికూడి, తమ భాషలో ఒక ప్రతిజ్ఞాపత్రమును చదువగా విని, సమ్మతించినవారు చేతులెత్తి, నిశ్శబ్దముగా ఇండ్లకు పోవలెను. ఉపన్యాసము చేయుటకే పిలువబడి నిలిచియున్న నేను ఈ నిబంధనను మెచ్చుకొనుట కొంత విడ్డూరముగా తోచవచ్చును. అయినను చెప్పక తప్పదు: వక్తలకు కొదువలేని మహాసంస్థ ఒకటి, తన చరిత్రలోనే ముఖ్యమైన దినమున వక్తలను నోరు మూసికొనుమని శాసించుట సామాన్యమైన నిగ్రహము కాదు. నాయకుడు చెప్పగా ప్రజలు వినుట ఆ దినపు ఉద్దేశము కాదు. ప్రజలు తామే అనవలెను.

అనిన మాట యెట్టిది? సంపూర్ణ స్వరాజ్య ప్రతిజ్ఞ భావావేశముతో మొదలై, నడుమ లెక్కలలోనికి దిగును. స్వేచ్ఛ ప్రతిజాతికిని జన్మహక్కనియు, ఆ హక్కును హరించు ప్రభుత్వమును మార్చుటకో తొలగించుటకో ప్రజలకు అధికారమున్నదనియు చెప్పి, వెంటనే ఇంటి జమాఖర్చు విప్పును: మన సగటు ఆదాయము దినమునకు ఏడు పైసలు; మనము కట్టు పన్నులలో నూటికి ఇరువది వంతులు రైతులనుండి వచ్చు భూమిశిస్తు, మూడు వంతులు ఉప్పుపన్ను; ఈ రెండవది పేదవానిపైననే అధికముగా పడుచున్నది. రాట్నము మూలబడుటచే రైతు ఏడాదికి నాలుగు మాసములైనను పనిలేక కూర్చుండుచున్నాడు. సుంకములు, మారకపురేట్లు, నిరాయుధీకరణము, విద్యావిధానము ఒక్కొక్కటిగా వచ్చి, ఆర్థికముగా, రాజకీయముగా, సాంస్కృతికముగా, ఆధ్యాత్మికముగా ఈ పాలన దేశమును చెరచినదను నిర్ణయముతో, దీనికి లోబడియుండుట మానవునికిని దైవమునకును అపచారమను మాటతో ఆ పత్రము ముగియును. పన్నుల నిరాకరణకు సిద్ధపడుదుమను హెచ్చరికయు అందున్నది. స్వాతంత్ర్యమును గూర్చిన ప్రకటనలో ఉప్పు ప్రసక్తి ఏమని ఆనాడు నవ్వినవారుండిరేమో. నెలన్నర గడవకముందే, మార్చి 12న, సబర్మతి ఆశ్రమమునుండి కఱ్ఱ పట్టుకొని బయలుదేరిన వృద్ధుడు ఆ నవ్వును ఆపివేసెను. జనవరి 26న మాటగా పుట్టినదే ఏప్రిల్ 6న దండి సముద్రతీరమున పిడికెడు ఉప్పుగా చేతికి వచ్చినది. బందరు తీరమునను, ఇతర తెలుగు తీరములందును ఉప్పు వండి జైళ్లు నింపినవారు ఆ ప్రతిజ్ఞకు చేయెత్తినవారే.

ఆనాడు ఎగిరిన జెండాను గూర్చి ఒక మాట. 1921 వసంతమున బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమైనప్పుడు పింగళి వెంకయ్యగారు గాంధీగారికి సమర్పించిన నమూనానుండి పెరిగిన పతాకమది: తెలుపు, ఆకుపచ్చ, ఎఱుపు పట్టెలపై రాట్నము. కాషాయవర్ణము 1931లోను, అశోకచక్రము 1947 జూలై 22నను వచ్చినవి. అనగా ఈనాటి జెండాను 1930నాటి గ్రామస్థునికి చూపినచో అతడు వెంటనే గుర్తుపట్టలేడు. కాని రాట్నము ఏదియని మాత్రము తప్పక అడుగును.

1930 మొదలు 1947 వరకు ప్రతి సంవత్సరమును జనవరి 26 స్వాతంత్ర్యదినముగనే పాటింపబడినది. స్వాతంత్ర్యము లేని దేశము ఏండ్ల తరబడి స్వాతంత్ర్యదినమును జరుపుకొనుట వింతయే. మొదటి యేటి ఆదివారపు సౌలభ్యము తరువాతి యేండ్లలో చాలవరకు లేదు. తేదీ ఏ వారమున పడిన ఆ వారమే, పనిమాని, దెబ్బలకు సిద్ధపడి రావలసివచ్చెను. 1931లో ఆ దినముననే గాంధీగారు ఎరవాడ చెరనుండి విడుదలైరి. ఆ దినముననే కలకత్తాలో, నగరాధ్యక్షుడైయుండియు సుభాస్‌బాబు ఊరేగింపు నడపుచు పోలీసులాఠీకి గురియయ్యెను. పదేండ్ల పిమ్మట అదే తేదీన, గృహనిర్బంధములోని సుభాస్‌బాబు ఇంట లేడను వార్త బయటపడి కలకత్తా నివ్వెరపోయినది. చెరసాలలలో ఖైదీలు జనవరి 26ను ఎన్నడును మరువలేదు. జెండాకు గుడ్డ దొరకనిచోట మనసే చాలినది.

నిజాం సంస్థానములోని తెలుగువారికి ఈ భాగ్యమును దక్కలేదు. 1938లో స్టేటు కాంగ్రెసు పుట్టుకతోనే నిషేధమునకు గురియైనది. 1947 ఆగస్టు 15న సైతము, దేశమంతయు దీపములు వెలిగించుచుండగా, హైదరాబాదులో త్రివర్ణపతాకమునెత్తిన స్వామి రామానందతీర్థను అరెస్టుచేసిరి. 1948 సెప్టెంబరు 13న ప్రవేశించిన భారతసైన్యము నాలుగైదు దినములలో నిజాముయొక్క స్వతంత్రరాజ్యపు కలను ముగించినది. ఆ తరువాతి మలుపు మిక్కిలి విచిత్రమైనది, దానికి మరల వచ్చెదను.

ఆగస్టు 15 వచ్చి స్వాతంత్ర్యదినమను పేరును తనదిగా చేసికొనగా, పదునేడేండ్లు ఆ పేరును మోసిన జనవరి 26 నిరుద్యోగియైపోయినది. దానికి తగిన పని రాజ్యాంగసభ చూపినది. 1946 డిసెంబరు 9న మొదలైన ఆ సభ మూడేండ్లు కావచ్చునప్పటికి, 1949 నవంబరు 26న, 395 అధికరణములును 8 షెడ్యూళ్లును గల రాజ్యాంగమును ఆమోదించినది. పౌరసత్వము, ఎన్నికల సంఘము మున్నగువానికి సంబంధించిన కొన్ని అధికరణములు ఆ దినముననే ప్రాణము పోసికొనినవి. తక్కినవన్నియు 1950 జనవరి 26న అమలునకు వచ్చునని 394వ అధికరణము తేదీ సహితముగా పేర్కొన్నది. ఏర్పాట్లకు రెండు నెలల వ్యవధి అవసరమే. అయినను ఏర్పాట్లకే కావలసినచో జనవరి 1 ఉండెను, ఏప్రిల్ 1 ఉండెను. రావీతీరపు ప్రతిజ్ఞకు ఋణము తీర్చుటకే ఆ 26. దాని వెనువెంటనే వచ్చు 395వ అధికరణము ఒక్క వాక్యములోనే 1947నాటి భారత స్వాతంత్ర్యచట్టమును, 1935నాటి భారతప్రభుత్వచట్టమును రద్దుచేసినది. మనకు స్వాతంత్ర్యమిచ్చిన బ్రిటిషు పార్లమెంటు చట్టమునే మనము రద్దుచేసితిమి! ఇచ్చిన స్వాతంత్ర్యము మాకు వలదు, మేము తీసికొన్నదే చాలుననుటకు ఇంతకంటె నిరాడంబరమైన మార్గము లేదు. అంతవరకు ఈ దేశమునకు ఆరవ జార్జి నామమాత్రముగానైన రాజు అను సంగతి ఇప్పటి చదువరులలో పెక్కురకు తెలియదు.

ఆ సభలో మనవారు పలువురుండిరి. నెల్లూరు మండలములోని పూడూరులో జన్మించిన అల్లాడి కృష్ణస్వామయ్యరుగారు ముసాయిదా సంఘమునకు న్యాయశాస్త్రపు వెన్నెముక. బందరులో పుట్టి మైసూరు దివానుగా పనిచేసిన మాధవరావుగారు ఆ సంఘములోనే మరియొకరు. ప్రకాశం, పట్టాభి, రంగా, అనంతశయనం అయ్యంగారు, కళావెంకటరావు, మోటూరి సత్యనారాయణ, అటుపిమ్మట రాష్ట్రపతియై జనవరి 26 కవాతున వందనము స్వీకరించిన నీలం సంజీవరెడ్డి, వీరందరును అందు సభ్యులే. నా దృష్టి మాత్రము దుర్గాబాయమ్మగారిపై నిలుచును. రాజమహేంద్రవరమున పుట్టి, 1930లో ఉప్పు సత్యాగ్రహమున చెరకేగినప్పుడు ఆమెకు రమారమి ఇరువదేండ్లు. ఆమెయే రాజ్యాంగసభలోని పదునైదుగురు స్త్రీలలో ఒకతెయై, సవరణ వెంబడి సవరణ తెచ్చి పెద్దలను నిలవేసినది. 1930నాటి ప్రతిజ్ఞకును 1950నాటి రాజ్యాంగమునకును నడుమ వంతెన ఏదియని అడిగినవారికి చూపదగినది ఆమె జీవితమే.

1950 జనవరి 24న సభ్యులు మూడు రాజ్యాంగప్రతులపై సంతకములు చేసిరి. ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా చేతివ్రాతతో, నందలాల్ బోసును ఆయన శాంతినికేతన శిష్యులును వేసిన అలంకారములతో నున్న ఆంగ్లప్రతి, హిందీప్రతి, అచ్చుప్రతి అనునవి ఆ మూడు. సంతకములు 284. రాజేంద్రప్రసాదుగారు రాష్ట్రపతిగా ఎన్నికయగుటయు, జనగణమనను జాతీయగీతముగా ప్రకటించుటయు ఆ దినముననే. రవీంద్రుడు ఆ గీతమును 1919లో మన మదనపల్లెలోనే ఆంగ్లీకరించెనని మదనపల్లెవారు గర్వముగా చెప్పుకొందురు. ఆ గర్వము న్యాయమైనదే.

జనవరి 26, గురువారమునాడు, ఉదయము 10 గంటల 18 నిమిషములకు, ప్రభుత్వభవనపు దర్బారుహాలులో గవర్నరు జనరలు రాజగోపాలాచారిగారు భారతదేశము గణతంత్రమైనదని ప్రకటించిరి. ఆరు నిమిషముల పిమ్మట రాజేంద్రబాబు ప్రమాణము చేసిరి. 31 ఫిరంగులు మ్రోగినవి. మధ్యాహ్నము ఆయన, ఆరు ఆస్ట్రేలియా గుఱ్ఱములు లాగు పాతబండినే మరమ్మతు చేయించి, దానిపై అశోకస్తంభపు సింహములను చెక్కించి, అందులో కూర్చుండి వీథులవెంట ఇర్విన్ క్రీడాప్రాంగణమునకు వెళ్లిరి. మూడువేలమంది సైనికులు కవాతు చేసిరి, నూరు విమానములు ఎగిరినవి, అతిథిగా ఇండొనీషియా అధ్యక్షుడు సుకర్ణో. మొదటి కవాతు రాజపథమున జరిగినదని చాలమంది భావింతురు, కాదు. ఇర్విన్ ప్రభువు పేరుగల మైదానములోనే! అధినివేశ ప్రతిపత్తికి గడువు చెప్పలేకపోయిన ఆ ప్రభువు పేరు, ఇట్లు, గణతంత్రపు తొలిదినమున ఒక ఫలకముపై మాత్రము మిగిలియుండెను.

ఆ దినమున తెలుగునేల ఎట్లుండినది? ఒక్కతీరుగా లేదు. హైదరాబాదులో, జెండాయెత్తినవారిని చెరబెట్టిన ప్రభుత్వమునకు అధిపతియైన నిజాము ఉస్మానలీఖాను, 1949 నవంబరు 23న రాజ్యాంగమును అంగీకరించుచు ఫర్మానా వెలువరించి, జనవరి 26న ఆ రాజ్యాంగము క్రిందనే రాజప్రముఖుడాయెను. ఆ రాజ్యాంగమును రచించిన సభలో హైదరాబాదునకు కేటాయించిన స్థానములు కడవరకు భర్తీ కాలేదు. నల్లగొండ, వరంగల్లు పల్లెలలో సాయుధపోరాటము ఇంకను ఆగలేదు, సైనికశిబిరములు లేవలేదు. అది విరమింపబడినది 1951 అక్టోబరులో. కోస్తా, రాయలసీమలయందు ఉత్సాహము నడుమ ఒక నిరాశ: గణతంత్రముతోపాటే ఆంధ్రరాష్ట్రము వచ్చునని ఆశించినవారికి, మదరాసు నగరమును గూర్చిన తగవులోను, విభజనసంఘములో ప్రకాశంగారి అసమ్మతిపత్రములోను ఆ ఆశ చిక్కుకొనిపోయినది. అది తీరుటకు పొట్టి శ్రీరాములుగారి ప్రాణము పోవలసివచ్చినది. 1953 అక్టోబరు 1 రావలసివచ్చినది. యానాములోని తెలుగువారు అప్పటికి ఫ్రెంచి పతాకము క్రిందనే యుండిరి. వారికి జనవరి 26 సెలవుకూడ కాదు.

తరువాతి కథ వేడుకలది గనుక త్వరగా చెప్పి విడిచెదను. కొన్నేండ్లు చోట్లు మారిన ఢిల్లీ కవాతు 1955లో రాజపథమున స్థిరపడినది. ఆ పథమును నేడు కర్తవ్యపథ్ అనుచున్నారు. ఆ యేటి అతిథి పాకిస్తాను గవర్నరు జనరలు గులాం మహమ్మదు, లాహోరులో పుట్టినవాడు. లాహోరులో పుట్టిన దినమును చూచుటకు లాహోరులో పుట్టిన మనిషి వచ్చెననుట యాదృచ్ఛికమే కావచ్చును. ఆ యాదృచ్ఛికమును ఆనాడెవరైన గమనించిరేమో! శకటములు, జానపదనృత్యములు, శౌర్యపతకములు, ముగింపున 29వ తేదీ సాయంకాలపు సైనికవాద్యములు క్రమముగా అంగములైనవి. దేశపు వైవిధ్యమును ఒక వీథిలో నడిపించి చూపవలెనను కోరిక నిందింపదగినది కాదు. కాని ప్రజలు నోటితో పాల్గొను దినము కంటితో పాల్గొను దినముగా మారినది. టెలివిజను వచ్చిన తరువాత ఆ కన్నుగూడ మంచముమీదనుండియే చూచుచున్నది.

ఇంకను కొంత పాతరుచి మిగిలినచోటు పల్లెటూరి బడి. సంక్రాంతి వెళ్లి రెండు వారములైనను కాకముందే వచ్చు ఈ దినమును మనవారు జెండాపండుగయనియే పిలుతురు. ముందునాటి సాయంకాలము పిల్లలు పురికొసకు మైదా జిగురుతో రంగుకాగితపు జెండాలు అతికింతురు. జిగురు ఆరకముందే తోరణము కట్టుటచే సగము జెండాలు మంచుకు తడిసి తెల్లవారుసరికి నేలరాలును. వేకువనే ప్రభాతభేరి, నినాదములతో వీథులు తిరుగుట. స్తంభము మొదట సున్నపుముగ్గు. డ్రిల్లు మాస్టారు జెండాను మడతపెట్టి, నడుమ బంతిపూల రేకులు పోసి, ఒక్క లాగుతో విడునట్లు జారుముడి వేయును. ఆ ముడి వేయుట ఒక విద్య. కొంచెము వదులైనచో త్రాడు పైకి పోవుచుండగనే రేకులు రాలిపోవును. బిగిసినచో సర్పంచిగారు ఎంత లాగినను జెండా విడదు, పిల్లలు నవ్వాపుకొనలేరు, చివరకు ఎవడో సన్ననిబాలుడు స్తంభమెక్కవలసివచ్చును. జెండా విడి రేకులు తలలపై పడినప్పుడు లేచు చప్పట్లు ఏ కవాతునందును వినబడవు. తరువాత ఉపన్యాసములు, అవి ముగియువరకు పిల్లల చూపు బిస్కత్తుల డబ్బాపైననే. ఆ పిల్లలను తప్పుపట్టు ధైర్యము నాకు లేదు.

2002 జనవరి 26నుండి అమలునకు వచ్చిన పతాకనియమావళి సామాన్యపౌరుడును ఏ దినముననైన గౌరవముతో జెండా ఎగురవేసికొనవచ్చునని చెప్పినది. అంతకుముందు కొన్ని దినములందే ఆ స్వేచ్ఛ యుండెను. ఇది మంచిమార్పు. 2021 చివరలో యంత్రముపై నేసిన పాలియెస్టరు గుడ్డకును అనుమతి వచ్చినది. జెండాలు చౌకయైనవి, ఇంటింటికిని చేరినవి. కాని రైతు చేతినుండి రాట్నము జారిపోయినదని దుఃఖించిన ప్రతిజ్ఞతో పుట్టిన దినమున, చేతినూలుతో పనిలేని జెండా ఎగురుటయందు నాకు మనసొప్పదు.

1949 నవంబరు 25న రాజ్యాంగసభలో అంబేద్కరుగారు చేసిన ప్రసంగములో ఈ తేదీ ప్రస్తావన యున్నది. జనవరి 26న మనము వైరుధ్యముల జీవితమున అడుగిడబోవుచున్నామనియు, రాజకీయములందు సమానత్వమును, సాంఘికార్థిక జీవనమున అసమానత్వమును కలిగియుందుమనియు, ఈ వైరుధ్యమును వీలైనంత త్వరగా తొలగింపనిచో అసమానతకు లోనైనవారే ఈ సభ కట్టిన కట్టడమును కూల్చివేతురనియు ఆయన హెచ్చరించెను. కాంగ్రెసునకు దీర్ఘకాలము ప్రతిపక్షియైన ఆ మహామేధావి, కాంగ్రెసు ప్రతిజ్ఞలోని ఏడు పైసల లెక్కనే వేరుభాషలో మరల ముందుంచినాడని నాకు తోచును. 1930లో ఆ లెక్క పరాయివారిపై మోపిన అభియోగము; 1950నుండి అది మనపైననే నిలిచినది. ప్రతిజ్ఞ చదువుట మానినయెడల అభియోగమును మరచుట సుళువు.

2015నుండి నవంబరు 26ను రాజ్యాంగదినముగా పాటించుచు, ఆనాడు రాజ్యాంగపీఠికను చదివించుచున్నారు. సంతోషమే. అయినను నోటితో పలుకు కార్యము నవంబరునకు పోయి, కన్నులతో చూచు కార్యము జనవరికి మిగులుట తలక్రిందులైన పంపకమని నా అభిప్రాయము. పీఠిక "మేము" అను ప్రజలవాక్కుతో మొదలగును. 1930నాటి పత్రమును అట్లే. ఆ వాక్కు పుట్టిన దినము జనవరి 26. ప్రతి బడిలోను, జెండా విడిన వెంటనే, ముఖ్య అతిథి మాటలాడకముందే, పదవతరగతి బాలిక ఒకతె తెలుగు పీఠికను విడివిడిగా చదువగా, కూడిన ఊరివారందరును వెంట పలుకునట్లు చేయవచ్చును. రెండు మూడు నిమిషముల పని. అతిథి ప్రసంగమును ఆ మేరకు కుదించినయెడల పిల్లలు ఆక్షేపింపరు. దీనికి ప్రభుత్వపుటుత్తర్వు అక్కరలేదు, నిధులు అక్కరలేదు, ప్రధానోపాధ్యాయుని సమ్మతి యొక్కటి చాలును. ఆ సమ్మతి ఈయగలవారు ముగ్గురు నలుగురు ఈ సభలో ముందువరుసలోనే కూర్చుండియున్నారు.